గంప మీద నాగక్క

కరెంటు పోయిందా? ఫోన్ గూడ ఆరిపోయిందా? ఇగ సూడు నీ కొడుకు రాగం. ఇటు తే, నా ఒళ్లో ఎయ్యి. ఒక్క పిల్లగాన్ని వానల ఇంట్ల కూసోబెట్టలేక ఏడుపు మొహం పెట్టినవేందే ప్రమీలా? నాగక్క నలుగుర్ని ఆపింది, కూసున్న కాడ్నుంచి లేవకుండ. ఏ నాగక్కంటావేంది? మీ తాతకు వరుసకు అక్క, నాకు వదినె. నువ్వు పుట్టకముందే పోయింది. మొగుడు లేడు, పిల్లలు గాలే. ఉన్నదల్లా వాగు ఒడ్డు మీద ఒక గుడిసె, నాలుగు కోళ్లు, ఊరందర్నీ తిట్టే నోరు. నా వంటను గూడ తిట్టేది, తిట్టుకుంటనే తినేది.

నాట్లప్పుడు మేము పిల్లల్ని ఆమె కాడ ఒదిలి వాగు దాటి పోయేటోళ్లం. అప్పుడు అంగన్‌వాడీ ఏడిది బిడ్డా? మీ నాయిన రవీందర్‌కు రెండేండ్లు నిండలే. పక్కింటి జంపయ్య బిడ్డకు మూడు, ఇంకో ఇద్దరు ఇంకా దేకేటోళ్లు. ఒకనాడు పొద్దున సన్నగ తుంపర, అంతే. మేము నాటు మొదలుపెట్టినమో లేదో, పైన అడవిల ఎక్కడ కొట్టిందో ఏమో, వాగు ఎర్రగ పొంగుకొచ్చింది. మేము ఆ ఒడ్డున, పిల్లలు ఈ ఒడ్డున. నీళ్లు నాగక్క దడి కాడికి ఒచ్చినయి. ఆమె గుడిసెకు తలుపా పాడా, వెదురు తడక. పసిపిల్లగాడు నెట్టినా తెరుసుకుంటది. మేమైతే ఒడ్డు మీద నిలబడి ఒర్రుతున్నం, వానల ఎవలికి ఇనపడ్తది?

ఇగ ఇంట్ల సంగతి ఆమె తర్వాత చెప్పిందే. మనం కోడిని ఇంట్లనే మూలకు ఊకల పొదగేస్తం గదా, గట్లనే ఏసింది. ఆ కోడి ఉన్నట్టుండి అరుసుకుంట ఎగిరి అవతల పడ్డది. "పోరగాళ్లే బెదిరించిన్రు, ఇప్పుడు గుడ్లు పగలగొడ్తరు" అనుకున్నది నాగక్క. ఆ మూల చీకటి. వంగి చూడకుండ, జల్దీ జల్దీగ గంప తెచ్చి గుడ్ల మీద బోర్లేసింది. ఏసిందో లేదో లోపట బుస్సుమన్నది. సందుల నుంచి చూస్తే పడగ! తాచుపాము. గుడ్లకొచ్చింది, గంప కింద పడ్డది. బరువు పెడ్దామంటే రోలు బయట వానల ఉన్నది. లేస్తే పాము గంపను నెడ్తది. ఏం చేస్తది మరి? చీర ఎగజెక్కి, కాళ్లు పైకి ముడుసుకొని గంప మీదనే కూసున్నది.

అరిస్తే పిల్లలు బెదురుతరు, బెదిరితే బయటికి ఉరుకుతరు, బయట వాగు. అందుకే నవ్వు మొహం పెట్టింది. ఆమె మొహానికి నవ్వు! "ఓ పిల్లలో, గోదారి ఇంట్లకొచ్చిందే! మంచమే పడవ, ఎక్కుండ్రి ఎక్కుండ్రి!" జంపయ్య బిడ్డ ఎక్కి చిన్నోళ్లను గుంజింది. మీ నాయిన బొర్లాపడుకొని పాకుకుంట ఎక్కిండంట. ఇగ చూస్కో, పడవ నడిపిచ్చింది. పర్ణశాల ఒచ్చిందన్నది, దండం పెట్టిచ్చింది. ఎలుగుబంటి ఎట్ల నడుస్తది, నెమలి ఎట్ల ఎగుర్తది, ఎలుగుబంటికి నిద్రొస్తే ఎట్ల పంటది, అన్నీ మంచం మీదనే. చూరు కారి సత్తు గిన్నెల పడే చుక్కలకు చప్పట్లు కొట్టిచ్చింది. కొంగుకు ముడులేసి ఎలకను చేసి, చేతి మీద ఉరికిచ్చింది. కింద అది కదులుతుంటే గంప ఊకల గరగరమంటున్నది. ఈమె దానికంటే గట్టిగ పాడుతున్నది. నోరు ఎండుకపోతున్నది, నీళ్ల కుండ అల్లంత దూరం.

తర్వాత ఆకలైనట్టుంది, మీ నాయిన పడవ దిగిండు. దిగి సీదా తడక కాడికి! "రారా అయ్యా, రారా" అని పిలిచింది. పిలిస్తే ఒస్తరా వీళ్లు? ఆట అనుకొని ఇంకింత ఉరుకుతరు. కిలకిల నవ్వుకుంట తడక మీద చెయ్యేసిండంట. లేస్తే మంచం మీది ముగ్గురు, లేవకపోతే వీడొక్కడు. ఎట్ల చెప్పు? ఏం తోచక మొహం కప్పుకొని ఏడుసుడు మొదలుపెట్టింది, దొంగ ఏడుపు. వీడు ఆగిండు. తిరిగి చూసిండు. టుకుటుకు ఎనకకొచ్చి, ముసలామె చేతులు గుంజి కండ్లు తుడిసిండంట. "అప్పుడు నిజంగనే ఏడుపొచ్చింది కన్నమ్మా" అని చెప్పింది నాకు.

పొద్దుగూకంగ వాగు తగ్గింది. తాడు పట్టుకొని దాటి, ఉరికొచ్చినం. పిల్లలు మంచం మీద ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్రు. "ముందు పిల్లల్ని బయటికి తీస్కపోండ్రి, తర్వాత నన్ను లేపుండ్రి" అన్నది. కాళ్లు మొద్దుబారి లేవలేకపోయింది, జంపయ్య రెక్క పట్టి లేపిండు. కట్టెలు పట్టుకొని గంప ఎత్తితే ఏమున్నది? ఏం లేదు. గుడ్లు లేవు, పాము లేదు. ఊక కింద ఎలక బొక్క. ఎవడో నవ్విండు గూడ, "గుడ్లు పొదిగినవా నాగక్కా?" అని. ఆమె నవ్వలే. మంచం జరపమన్నది. జరిపితే, మంచం కిందనే బొక్క రెండో మూతి. ఆడ్నుంచి తడి మట్టి మీద గీత, తడక సందుల నుంచి బయటికి. మీ నాయిన చిన్న చిన్న అడుగుల మీంచే పోయింది ఆ గీత. అది చూసి నాగక్క, "నేను ఒట్టి గంపకు కాపలా ఉన్ననా?" అని నేల మీద కూలబడ్డది.

తెల్లారి మళ్ల వాన. నాటు ఆగదు గదా. పిల్లల్నెత్తుకొని పోతే, గడప మీద కూసొని "నా కాడికి తేకుండ్రి, నా కండ్ల ముందల్నుంచి పోయింది, నాకు కనపడలే, నేను పనికిరాను" అన్నది. తలకాయెత్తి చూడలే. అందరు నిలబడ్డరు. నాకు బయం లేదనుకోకు. మీ నాయినను ఆమె ఒళ్లో పెట్టి నడిసిన. వాగు దాక పోయి తిరిగి చూస్తే, మిగిలినోళ్లు గూడ ఒట్టి చేతులతోటి నా ఎనక ఒస్తున్రు.

...ఏందే గట్ల చూస్తున్నవ్? ఆ కిటికీ ముయ్యి, జల్లు కొడ్తున్నది.