చేతులు తీసేసిన కుర్చీ

అధ్యక్ష స్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న ప్రిన్సిపాల్ గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన కుర్చీల ఫ్యాక్టరీ యజమాని గారికి, ముందు వరుసలోని పెద్దలకు, నేను మైకు పట్టుకోవడం చూసి వెనకాల నవ్వుకుంటున్న స్నేహితులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా మేడం గారికి నమస్కారం. (నవ్వులు)

నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపొమ్మన్నారు. చెబుతాను గానీ, వాటితోపాటు ఇంకో మాట కూడా ఉంది, అది చెప్పకుండా దిగను, కాబట్టి పెద్దలు కాస్త ఓపిక పట్టాలి.

నేను ఇండస్ట్రియల్ డిజైన్‌లో చేరింది బొమ్మలు గీయడానికి. మూడో ఏడు డిజైన్ మేనేజ్‌మెంట్ అని ఒకటి తగిలించారు. ఇంట్లో చెబితే మా నాన్న, "గీసేదానివి గీసుకోక, నీకెందుకే ఈ మేనేజరు గోల?" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. మొదటి క్లాసులో మేడం నా స్కెచ్ తీసుకుని బాగుందనలేదు, బాగాలేదనలేదు. "దీన్ని ఎవరు చేస్తారు? ఎవరు ఒప్పుకోవాలి? ఒప్పుకోకపోతే ఏం చేస్తావ్?" అన్నారు. "ఏడుస్తాను మేడం" అన్నాను. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, ఆ రోజు మేడం నవ్వలేదు.

ఆవిడ క్లాసులో ఒక నియమం ఉంది. ఎవరు గీసిన దాని గురించి వాళ్ళు మాట్లాడకూడదు, పక్కవాళ్ళు మాట్లాడాలి. బొమ్మ మీద మమకారం ఉన్నవాళ్ళకు అవతలి మనిషి మాట వినపడదని ఆవిడ వాదన. ఆసుపత్రి హాల్లో వేసే కుర్చీలు, మూడేసి కలిపి ఒక వరుస, నేను గీశాను. వాటిని తయారుచేయబోయే ఈ యజమాని గారి ముందు వాటి తరఫున మాట్లాడింది మా రేడియో. అదిగో, తల దించుకుంది చూడండి, నోరు మూతపడదని ఆ పేరు పెట్టాం. పాపం చాలా బాగా మాట్లాడింది. అయినా యజమాని గారు కుర్చీలకు చేతులు అక్కర్లేదు, ఖర్చు దండగ అన్నారు. నేను మేడం వైపు చూశాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు. పీకలదాకా కోపం వచ్చింది మేడం, ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తర్వాత మోకాలి ఆపరేషన్ అయిన మా మేనత్తను తీసుకుని నేను అదే హాల్లో కూర్చున్నాను. అక్కడ ఇప్పుడున్న పాత కుర్చీలకూ చేతుల్లేవు. పేరు పిలిచారు. పట్టుకోవడానికి ఏమీ లేక, పక్కనున్న ఎవరో పెద్దమనిషి తొడ మీద చెయ్యి వేసి లేచింది. ఆయన "పర్లేదమ్మా" అన్నాడు. మా అత్త మాత్రం ఇంటికి వచ్చేదాకా తలెత్తలేదు. లేచి నిలబడటానికి మనిషి అంత సిగ్గుపడాలా, చెప్పండి?

రేపు పొద్దున ఫ్యాక్టరీలో ఆ కొత్త కుర్చీలకు పైపులు కోస్తారు. కోశాక ఇక నేను చెప్పేదేమీ ఉండదు. యజమాని గారు నా ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ మైకు దగ్గర అడుగుతున్నాను. అన్ని కుర్చీలకూ వద్దండీ, వరుసకు రెండు చివర్లా ఒక్కో చెయ్యి చాలు. కాళ్ళకు కోయగా మిగిలే ముక్కలతోనే వస్తుంది. నమూనా ఈ సభ హాలు బయట పెట్టాం. ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు కూడా రెండో వరుసలో ఉన్నారు. ఆయన్ని పిలిచింది నేనే.

ఏమంటున్నారు మేడం? "ఇంత చేసి నాకెందుకు చెప్పలేదు" అంటున్నారా? చెబితే ఆపేస్తారు కదండీ! (నవ్వులు)

యజమాని గారు ఏదో అడుగుతున్నారు... వెనక వాళ్ళకు వినపడదు, నేనే చెబుతాను. ఆ చేతిని పట్టుకుని జనం ఊగితే అతుకు ఊడుతుంది, ఎవరికైనా దెబ్బ తగిలితే పూచీ ఎవరిది అంటున్నారు.

(మేడం వైపు చూసి)

పూచీ నాదండీ. వర్క్‌షాపులో మా క్లాసులో బరువైనవాళ్ళందరినీ వేలాడదీసి చూశాం, ఊడలేదు. రేపు ఊడితే మాత్రం అడగాల్సింది మేడంను కాదు, రేడియోను కాదు, నన్ను. డాక్టరు గారు తల ఊపుతున్నారు. యజమాని గారు... రేపు మధ్యాహ్నం దాకా కోత ఆపుతారట. నమూనా చూస్తారట. మాట మాత్రం ఇవ్వరట. చాలండీ, అదే పదివేలు. (చప్పట్లు)

మేడం, చివరగా ఒక్క మాట. ఇందాక ఆయన పూచీ ఎవరిది అన్నప్పుడు అలవాటు కొద్దీ మీ వైపు చూశాను. మీరు నన్ను చూసి కూడా తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఇన్నేళ్ళలో మీరు నాకు చెప్పిన ఏ పాఠానికీ ఇంత భయపడలేదు. మీరు నిజంగానే వెళ్ళిపోతున్నారని నాకు అప్పుడే అర్థమైంది.

విన్న అందరికీ, నన్ను మధ్యలో ఆపని ప్రిన్సిపాల్ గారికి కృతజ్ఞతలు. మీ మీద కోపం అలాగే ఉంది మేడం, మీరు లేకపోతే ఎలాగో మాత్రం తెలియడం లేదు. సెలవు.