నీళ్లు తాగి ఇచ్చిన మాట

బావుల నీళ్లను ఊరివాళ్లతో కలిసి పరీక్షించాలని విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అమ్మాయి, ఆళ్లగడ్డకు తిరిగి వెళ్లే ఎద్దులబండిలో కూర్చుంది. సాగనంపడానికి ఊళ్లోని అవ్వ వచ్చి బండి పక్కన నిలబడింది.

"ఊరంతా ఒప్పుకున్నారవ్వా. చివరింటి తాత కూడా సరేనన్నాడు."

"చివరింట్లో తాత యాడుండాడమ్మా? పోయినేడే కలరాతో సచ్చిపాయ."

అమ్మాయి చివరింటి వైపు తిరిగి చూసింది.

"చెంబుతో నీళ్లిచ్చాడే! తాగాను కూడా."

"తాగి ఏం మాటిచ్చినావు?"

"నీళ్లలో ఏముందో తేలగానే వచ్చి చెబుతానన్నాను."

"ముందొచ్చిన సార్లు గూడా సీసాలకు నీళ్లు పట్టుకపోయినారు. మళ్లా మొగం సూపిచ్చలా. ఆయప్పకు అదే కోపం."

"నేను తప్పకుండా వస్తానవ్వా."

"మా ఊర్లో నీళ్లు తాగి మాటిస్తే, అది తీరేదాంకా నీళ్లిచ్చినోళ్లు యెంబడే ఉంటారు."

అవ్వ బండి వెనక వైపు చూసింది.

"రొంత జరిగి కూచో తల్లీ. ఆయప్ప ఎక్కుతాండాడు."