వరండాలో లేచిన కొబ్బరికాయ

అలా చూడకండి అబ్బాయిరాజు గారూ. బోరు వేసే రిగ్గు లారీ వాడు ఓ పావుగంట ఆగితే కొంప మునిగిపోదు. హారన్ కొట్టుకోనివ్వండి. ముందు నా మాట వినండి.

నవ్వొస్తోందండీ, ఆగడం లేదు. తాగలేదు, పొద్దుట టీ ఒక్కటే.

మీకు నేను నీళ్లు చూసే నాగదుర్గారావుని. మా దెందులూరులో అడగండి, బోర్డులు రాసేవాడంటారు. ఏడో తరగతి తప్పాక ఆటోల వెనక దేవుళ్ల పేర్లు రాశాను. ఏలూరులో టీవీలు బాగుచేశాను. ఎవరు నేర్పారంటారా? ఎవరూ లేరండి. విప్పడం, చూడడం, బిగించడం. నాలుగు స్క్రూలు మిగిలేవి, అయినా బొమ్మ వచ్చేది.

తాడేపల్లిగూడెంలో హార్మోనియం కొన్నాను. మా వీరరాఘవమ్మ పుట్టింటికి వెళ్లిపోయింది. వచ్చింది లెండి, హార్మోనియం అమ్మేశాక. తర్వాత చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లు. మూడు కాల్చాను, నాలుగోది తిరిగింది. తర్వాత జాతకాలు. అక్కణ్నుంచి కొబ్బరికాయ.

అరచేతిలో కాయ పడుకోబెట్టి నడిస్తే, మంచినీళ్లున్న చోట అది నిలబడుతుంది. అంతే కదా మీకు తెలిసింది? ఇరవై ఏళ్లుగా దాన్ని లేపుతున్నది నా చిటికెన వేలండి.

కోప్పడకండి. ఊరికే లేపను. ముందురోజే వచ్చి, దాహమని చెప్పి, చుట్టుపక్కల బోర్లన్నీ రుచి చూస్తాను. చెరువుల్లో ఉప్పు చూసే మీటరు జేబులోనే ఉంటుంది. నిన్న మీకు ఉత్తరం వైపు పక్కింటి నూకాలమ్మ గారి బోరు చూశాను. తియ్యటి నీళ్లు. సరే, మీ ఉత్తరం మూలన, కొట్టం పక్కన కాయ లేపుదామని నిన్ననే తేల్చుకున్నాను.

మరి ఇందాక ఏమైంది? ఆ మూలకే వెళ్తూ మీ వరండా దాటుతున్నాను. వేలు కదపలేదండి, ఒట్టు. కాయ దానంతటది లేచి కూర్చుంది. మీరూ చూశారుగా. మీకు వింత కాదు. నాకు ఇదే మొదటిసారి.

ఏంటీ, అయితే వరండాలోనే బోరు వేయిద్దామంటారా? వద్దండి. ఇంటిల్లిపాదీ ఇన్నేళ్లు క్యాన్ల నీళ్లే తాగారు. ఇక్కడ ఉప్పునీళ్లు పడితే మళ్లీ క్యాన్లే. మీటరు ఎన్నడూ తప్పలేదు. లారీని ఉత్తరం మూలకి పంపండి.

ఈ చోటు మాత్రం నాకు వదలండి. ఓ పలుగూ, పారా ఇప్పించండి. కొల్లేటి అంచున పది పన్నెండు అడుగుల్లో ఏదో ఒక నీరు తగులుతుంది. ఉప్పో తీపో నాలిక మీద వేసుకుని చూస్తాను. అది తెలియకుండా రేపు ఇంకొకరి దొడ్లో కాయ పట్టుకోలేనండి. నవ్వుతున్నానే గానీ, చూడండి, కాయ ఇంకా కింద పెట్టలేదు.

మొన్ననే వేయించిన టైల్స్, తెలుసండి. నాలుగు తీస్తే చాలు. మళ్లీ ఎవరు అతికిస్తారంటారా? నేనే. ఆ పని రాదనుకోండి. నేర్చుకుంటాను.