జర్రా చెక్క మీద గీత పడదు

ఆ పూట నోరు అదుపులో పెట్టుకోవాలనే జోసఫ్ అనుకున్నాడు. భార్య దెబోరా పొద్దున్నే హెచ్చరించింది కూడా: "కమిటీ వాళ్ళొస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు."

ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో వాళ్ళ తెలుగు చర్చి పదేళ్ళుగా అద్దె స్కూల్ హాల్లోనే నడుస్తోంది. ప్రతి ఆదివారం మడత కుర్చీలు వేసేదీ తీసేదీ జోసఫే. ఇప్పుడు సొంత మందిరం లేస్తోంది. దాని నేలకి ఏం వేయాలో ఈ సాయంత్రం తేల్చేయాలి. కమిటీ పెద్ద పర్సిస్ గారి మనసంతా టైల్స్ మీదే. జోసఫ్ మనసేమో తన ఇంటి హాల్లో వేయించుకున్న ఆస్ట్రేలియా జర్రా చెక్క మీద. ఒక్కసారైనా చర్చిలో తన మాట చెల్లితే బావుండునని పాపం ఎంత ఆశో!

ప్రార్థన అయింది, టీ, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. కమిటీలో ఒకడైన జూడ్ కుర్చీ జరుపుకుంటే చెక్క నేల మీద పరిచిన ప్లాస్టిక్ కరకరమంది.

"జర్రా అంటే ఏంటి బ్రదర్?" అన్నాడు జూడ్.

"యూకలిప్టస్‌లో ఒక జాతి."

"జామాయిలా! మా కందుకూరు వైపు లారీలకెత్తి పేపర్ మిల్లుకి పంపేస్తారు, అదేనా?"

జోసఫ్‌కి ప్రాణం చివుక్కుమంది. టీ కప్పు కింద పెట్టేశాడు. ఇక ఆగుతాడా?

"పేపర్ మిల్లుకా! బ్రదర్, అది నాలుగేళ్ళకే కొట్టేసే కర్ర. ఇది తరాల తరబడి నిలబడి చేవదేరిన చెట్టు. పెట్టెలొచ్చిన రోజు డ్రైవర్ ఎత్తలేక చేతులెత్తేస్తే నేనొక్కణ్ణే గరాజ్‌లోకి మోశాను, అంత బరువు. మేకు కొడితే దిగదే! వంకర తిరిగి మనకేసే చూస్తుంది. ముందు డ్రిల్ చేసుకుని కొట్టాల్సిందే. రంపం పళ్ళయితే మా తాతగారి చిగుళ్ళలా నున్నగా అయిపోయాయి."

"గట్టి కర్ర అంటే అలాగే ఉంటుందిలెండి," అన్నారు పర్సిస్ గారు.

ఆ ఒక్క మాటతో జోసఫ్‌కి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా ఆంటీ? చెదలొచ్చాయి! బారులు తీరి వచ్చాయి. ముందు నడిచేది కొరికింది, దవడ ఊడింది. రెండోది కొరికింది, దానిదీ అంతే. మిగతావన్నీ అక్కడే మీటింగ్ పెట్టుకుని పక్కింటికెళ్ళిపోయాయి. మర్నాడు తేలొచ్చింది. కుట్టిందా, కొండి సున్నాలా చుట్టుకుపోయింది. ఇప్పటికీ గరాజ్‌లో తల దించుకుని తిరుగుతుంది పాపం."

"మరి ఆ గ్రైండర్ సంగతి చెప్పవేం?" జూడ్ ఎగదోశాడు.

ఏ గ్రైండర్? జోసఫ్‌కి అలాంటిదేమీ గుర్తులేదు. అయినా తడుముకోలేదు.

"అక్కడికే వస్తున్నా! ఇడ్లీ గ్రైండర్ చెయ్యి జారింది. రాయి పొడిపొడి. ఆ పొడితో దెబోరా నెల్రోజులు ముగ్గేసింది."

"నేనా?" అంది వంటింట్లోంచి దెబోరా.

"పొడవ్వని ముక్కొకటి ఎగిరిందయ్యా, సీలింగ్ దాటి, కప్పు దాటి! ఫీనిక్స్‌లో దిగాల్సిన విమానం పైలట్ కిటికీలోంచి దాన్ని పట్టుకుని, ఇదెవరిదని అడుగుతూ మూడుసార్లు చక్కర్లు కొట్టాడు. ఇంకో గుణం వినండి. ఈ చెక్క ఎండ తగిలేకొద్దీ ఎర్రబడుతుంది. ఒకరోజు కర్టెన్ తీశాను. అంతే, అల్లంత దూరాన 202 ఫ్రీవే మీద కార్లన్నీ టక్కున ఆగిపోయాయి, రెడ్ లైట్ అనుకుని! పోలీసులొచ్చి దణ్ణం పెట్టి కర్టెన్ వేయించారు."

జూడ్ తన కాళ్ళ కింద ప్లాస్టిక్ వైపు ఓసారి చూసి, బజ్జీ నమిలాడు.

పర్సిస్ గారు నవ్వాపుకుంటూ అడిగారు. "అవన్నీ సరే. మందిరంలో పిల్లలు కుర్చీలు ఈడుస్తారు. గీతలు పడవు కదా? నాకు కావలసింది అదొక్కటే."

"గీతా! ఏనుగుల చేత కోలాటం ఆడించండి ఆంటీ, గీత పడితే నా పేరు మార్చుకుంటా!"

"అయితే చూసేద్దాం," అంటూ లేచాడు జూడ్. ప్లాస్టిక్ అంచు పట్టి బర్రున లాగాడు. బరువైన టేకు కుర్చీని చెక్క మీద పెట్టి ఓ జానెడు ఈడ్చాడు.

"వద్దొద్దు బ్రదర్! గీతలు పడతాయి!"

ఆ కేక జోసఫ్‌దే. కేక వేయడమే కాదు, రెండు చేతులూ చాచి నేల మీద బోర్లా పడ్డాడు.

వంటింట్లో దెబోరా పకపకా నవ్వడం వినబడింది. జోసఫ్ చెవులు చెక్క కన్నా ఎర్రబడ్డాయి. అయిపోయింది, ఇక టైల్సే అనుకున్నాడు.

పర్సిస్ గారు కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూశారు. వేలితో తడిమి చూశారు. ముదురెరుపు చెక్క నిగనిగలాడుతోంది. గీత కాదు కదా, మరక కూడా లేదు.

"ఈ ఇంటికి రెండేళ్ళుగా వస్తున్నాను, దీని ముఖం ఇవాళే చూశాను," అన్నారావిడ. "మందిరానికి ఇదే వేయిద్దాం. చెక్క మీద మాకు నమ్మకం కుదిరింది. మీకే ఇంకా కుదరలేదు, జోసఫ్ గారూ. ఆ ప్లాస్టిక్ మాత్రం దయచేసి అక్కడికి తీసుకురాకండి."