అత్త ఇచ్చిన నెత్తురు

"అమ్మమ్మా, ఇంత జరానికే నెత్తురు పరీక్ష ఎందుకే? ఇంటికి పోదాం పా."

ఎందుకేనా? ఐదో నెల కడుపు పెట్టుకొని రెండు దినాలసంది గజగజ వణుకుతున్నవ్, దవఖానదాంక వచ్చి మళ్ల ఎందుకే అంటవా! నీ అసుంటి తెలివే మా అత్తది. కూసో, నర్సమ్మ పిలిచేదాంక చెప్త.

మీ అమ్మ నా కడుపుల ఉన్నప్పటి ముచ్చట. ఆరో నెల... కాదు కాదు, ఆరు నిండి ఏడు పడ్డది. అప్పుడు మన ఊరు లక్డారం పక్కపొంటి కంపెనీలు కడుతుండిరి. మట్టి తవ్విన గుంతలనిండ వాననీళ్లు, ఇంటినిండ దోమలు. నాకు దినం తప్పి దినం సలిజరం. రెండు బొంతలు కప్పినా వణుకుడే.

మలేరియా సారు ఇల్లిల్లు తిరిగి, వేలు పొడిసి, గాజుపలక మీద నెత్తురుచుక్క తీస్కపోయెటోడు. వచ్చి, "జరం ఎవరికి?" అన్నడు. మా అత్తకేమో, కడుపుతోని ఉన్నదాని నెత్తురు తీస్తే పిల్లకు తక్కువైతదని భయం. నన్ను లోపట్నే పండవెట్టి, గడపల కూసొని, నా పేరు చెప్పి, తన వేలు ఇచ్చింది! జెర సూడు!

నాలుగు దినాలకు ఏం లేదని రిపోర్టొచ్చె. మీ తాత ఇగ నిమ్మళం. నేను సస్తున్న అంటే, "రిపోర్టుల ఏం లేదు గదనే" అంటడు. ఇప్పటికీ తలుసుకుంటే మండుతది నాకు.

ఒకనాడు పొద్దుగాల ఉచ్చ చాయ్ డికాషన్ లెక్క వచ్చె. ఏదేదో మాట్లాడిన్నట, ఫిట్స్ గూడ వచ్చినయట. మీ తాత ఉరికి, కంపెనీ జీపు అడుక్కొచ్చి, సంగారెడ్డి దవఖానకు తీస్కపోయిండు. డాక్టరమ్మ నెత్తురు సూసి, "మలేరియా ముదిరి తలకెక్కింది, ఇద్దరు దక్కుడు కష్టం" అన్నది. "మొన్ననే ఏం లేదన్నరమ్మా" అన్నడు మీ తాత. అప్పుడు మా అత్త గోడకు ఆనుకొని, "అది నా నెత్తురు బిడ్డా" అన్నదట. తిడదామంటే, రెండు చేతులు సాపి, "ఇగ ఎంత కావాల్నో నాకాడ తియ్యిండ్రమ్మా, దాన్ని బతికియ్యిండ్రి" అని ఒకటే ఏడుసుడట. ఏం చేస్తం అసుంటి మనిషిని?

క్వినైన్ మందు సెలైన్ల కలిపి ఎక్కిచ్చిండ్రు. చెవులల్ల గుయ్యిమని మోత. ఆ మందుకు షుగరు పడిపోతదని గడియగడియకు సూసుడు. వారం దినాలకు లేసిన. మీ అమ్మ నెల ముందుగాలనే పుట్టింది, మూరెడు గూడ లేకుండె.

ఇగో, పిలుస్తున్నది నిన్నే. నిన్ను పొడుస్తరంటే, నా వేలే పెడుదునా అనిపిస్తున్నది నాకు గూడ, తెల్సా? గట్ల నడవదు. సల్లగుండు బిడ్డా, లే. నీ వేలు నువ్వే ఇయ్యాలె.