ఏడు-బి గోడ గడియారం

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒక బడి. ఏడో తరగతి, బి సెక్షన్. సాయంత్రం నాలుగున్నర. సోషల్ చెప్పే రఘురామ్ సారు, క్లాస్ లీడర్ యుస్రా, చివరి బెంచీ వివేక్.

"జులై పదకొండు సార్. నాకు పక్కా యాదికున్నది. ఆ రోజు నా డబ్బల పులిహోర, ఫహాద్ డబ్బల ఖీమా. సగం సగం చేసుకున్నం."

"గోడ గడియారం ఎవరు తిప్పారని అడిగితే డబ్బాల సంగతి చెప్తావేంటి వివేక్?"

"పదకొండో తారీఖు లంచ్‌ల ఏం చేసినవ్ అన్నరు కద సార్. తిన్న. తిన్నంక చెయ్యి కడుక్కున్న. కడుక్కున్నంక..."

"ఆఁ, కడుక్కున్నాక?"

"మళ్ల తిన్న. ఫహాద్ ఇంకో రొట్టె ఇచ్చిండు."

"ఆ తర్వాత క్లాసులోకొచ్చి బెంచీ ఎక్కావు. వజ్రమ్మ ఊడవడానికొచ్చి చూసిందట, ఒకళ్లు బెంచీ మీద, ఇంకొకళ్లు కింద."

"వజ్రమ్మకు కండ్లు సక్కగ కనవడయ్ సార్. మొన్న నన్ను పట్టుకొని దివ్యశ్రీ అన్నది."

"యుస్రా, నువ్వు చెయ్యి దించమ్మా. ఇక్కడున్నది ముగ్గురమే."

"నియమం నాలుగు సార్. చెయ్యెత్తాలె, పిలిచినంకనే మాట్లాడాలె. చార్టు మీద మీరే రాసిన్రు."

"సరే, పిలిచాను. మాట్లాడు."

"సెల్లు వీకయ్యిందేమో సార్."

"సెల్లు పోతే ఆగిపోతుంది. ఇది చక్కగా నడుస్తోంది, కాకపోతే వెనకబడి నడుస్తోంది. పొద్దున హెడ్‌మిస్ట్రెస్ స్వరాజ్యం మేడమ్ రౌండ్‌కొచ్చేసరికి ఆవిడ వాచీలో ఎనిమిది నలభై. మన గోడ మీద ఎనిమిదిన్నర. అప్పుడే మనం దర్జాగా తలుపేస్తున్నాం. పది నిమిషాలు!"

"పది నిమిషాలా?"

"ఎందుకురా అంత ఆశ్చర్యం?"

"ఏం లేదు సార్. మస్తు ఎక్కువున్నదని."

"వివేక్, చెయ్యెత్తి మాట్లాడాలె."

"అబ్బ! కాలెందుకు తొక్కుతున్నవ్ యుస్రా?"

"చెయ్యెత్తు అంటున్న, అంతే."

"ఇద్దరూ ఇటు చూడండి. పక్క కోచింగ్ సెంటర్‌వాళ్లు గోలగా ఉందన్నారని బెల్లు తీసేసి, క్లాసుకో గడియారం ఇచ్చారు. అందులో ఎనిమిదిన్నర అయితే లీడర్ తలుపెయ్యాలి. తర్వాత వచ్చినవాళ్లు లేటు పుస్తకంలో పేరూ కారణమూ రాయాలి. నెలలో మూడుసార్లు రాస్తే పేరు మేడమ్ దగ్గరికి పోతుంది, ఇంట్లోవాళ్లు బడికి రావాలి. ఇవన్నీ ఈ గడియారాన్ని నమ్ముకుని పెట్టుకున్నవే కదా?"

"అవును సార్."

"రేపు ప్రేయర్‌లోపు తిప్పినవాళ్ల పేరు కావాలంటున్నారు మేడమ్. ఇవ్వకపోతే దసరా దాకా ఏడు-బికి గేమ్స్ పీరియడ్ లేదు. నలభై రెండు మందికి."

"దసరా దాకనా! అన్యాయం సార్. ఎ సెక్షన్‌తోటి కబడ్డీ ఉన్నది."

"అందుకే అడుగుతున్నాను. ఎవరు తిప్పారు?"

"..."

"ఇప్పుడు నియమం నాలుగు బాగా పాటిస్తున్నారు. సరే, ఇంకోలా చూద్దాం. గడియారం వెనక్కి పోతే ఎవరికి లాభం? లేటుగా వచ్చేవాళ్లకి. యుస్రా, లేటు పుస్తకం తియ్యి. బడి తెరిచినప్పటినుంచి చదువు."

"జూన్ పదిహేడు, ఫహాద్. కారణం, మెట్రో పిల్లర్ కింద ఆటో ఆగిపోయింది. జూన్ పంతొమ్మిది, వివేక్. కారణం, మా నానమ్మ నన్ను లేపడం మరిచింది. జూన్ ఇరవై, వివేక్. కారణం, నానమ్మ లేపింది, నేను లేవడం మరిచిన."

"నిజమే రాసిన సార్. నియమం రెండు, అబద్ధం రాయొద్దు."

"మెచ్చుకుంటున్నాన్లే. తర్వాత?"

"జూన్ ఇరవై నాలుగు, దివ్యశ్రీ. కారణం, తమ్ముని అంగన్‌వాడీల దింపి వచ్చేసరికి సనత్‌నగర్ బస్సు పోయింది. జూన్ ఇరవై ఆరు, దివ్యశ్రీ. కారణం, పై కారణమే. మూడోసారి రాస్తే వాళ్లమ్మ కంపెనీల పని బందువెట్టి రావాలె సార్. ఆ రోజు బాత్రూంల ఏడ్చింది."

"ఊఁ. పేజీ తిప్పు."

"గని చిత్రం చూడుండ్రి సార్, అటెన్క దివ్యశ్రీ మళ్ల రాయనే లేదు. అదే బస్సు, అదే తమ్ముడు, గని..."

"టైంకి వస్తోందిగా, మంచిదే. పేజీ తిప్పమన్నాను."

"తిప్పితే... చదవాల్నా సార్?"

"చదవమనే కదా అంటున్నాను."

"జులై మూడు, కె. రఘురామ్."

"ఓహో."

"కారణం, కుక్కర్ మూత రాలేదు."

"నవ్వకు వివేక్. రాకపోతే ఎలా ఉంటుందో నీకు తెలీదు. స్పూనుతో పొడిచాను, నీళ్లు పోశాను, చివరికి పక్కింటావిడ వచ్చి ఒక్క తిప్పు తిప్పింది, వచ్చేసింది."

"జులై తొమ్మిది, కె. రఘురామ్. కారణం, చొక్కా బొత్తాం ఊడింది. సూదిలో దారం ఎక్కలేదు."

"సార్‌కి నియమాల్లేవా అని మీరే కదా గొడవ చేసి తొమ్మిదో నియమం రాయించారు? రాసుకున్నాను, పాటించాను. తర్వాత ఎవరున్నారు?"

"ఎవరు లేరు సార్. పదకొండు తర్వాత మొత్తం ఖాళీ. రెండు వారాల్నుంచి ఏడు-బిల ఒక్కరు లేటు కాలే."

"అవును. నేను కూడా పొద్దున్నే లేచి, అన్నం వండుకుని, టైంకి రావడం వచ్చేసిందని నన్ను నేనే మెచ్చుకుంటున్నాను... ఆగండి. మళ్లీ చదువు. జులై మూడు నేను. జులై తొమ్మిది నేను. మూడోది పడకుండా పదకొండున..."

"సార్, నేను తిప్పిన. నా పేరు రాసెయ్యిండ్రి."

"వాడు కాదు సార్, నేను. లీడర్‌ని కద. గడియారం నా జిమ్మా."

"నీకు అందనే అందది యుస్రా! బెంచీ మీద బెంచీ ఎయ్యాలె."

"నువ్వు ఊకో. ఎంత తిప్పాల్నో చెప్పింది నేను కాదా?"

"అరే, ఒకళ్ల తర్వాత ఒకళ్లు! ఎందుకు చేశారు?"

"వజ్రమ్మ స్టాఫ్ రూంల విన్నదంట సార్. సార్లకు సుత మూడే అంట. మూడోది పడితే స్వరాజ్యం మేడమ్ మన క్లాస్ ఆమెనే తీసుకుంటదంట. మీరు ఆరో తరగతికి పోతరంట."

"వజ్రమ్మ అన్నీ వింటుంది."

"మీరు కుక్కర్ మూత రాలేదని రాసిన్రు. వేరే సార్లయితే ట్రాఫిక్ అని రాస్తరు సార్."

"మేడమ్ క్లాసంటే ఊపిరి సుత గట్టిగ పీల్చొద్దు. మీరైతే చెయ్యెత్తి ఒక్కో వేలు మడుస్తరు, ఐదు మడిచేటాలకు మేం గమ్మునైతం. వాడు ఒక్కోసారి ఆరో వేలిదాక మాట్లాడుతడు, అయినా మీరు కొట్టరు."

"నేనెప్పుడు మాట్లాడిన?"

"ఇప్పుడు."

"సార్, ఊకెనే కాలే మాకు. దానివల్ల మేం సుత నష్టపోయినం. లంచ్‌కి అందరికంటే వెనక పోతున్నం. మేం పోయేసరికి క్యాంటీన్ల సమోసాలు అయిపోతున్నయ్. రెండు వారాల్నుంచి ఒక్క సమోసా తినలే నేను."

"నా కోసం సమోసాలు మానేశావా?"

"బన్ను తిన్న సార్. గని సమోసా సమోసానే కద."

"బెంచీ ఎక్కొద్దని ఏడో నియమం ఉందిగా?"

"చెప్పులు ఇప్పి ఎక్కిన సార్. అల్లాకసం, యుస్రాని అడుగుండ్రి."

"మా అల్లా ఒట్టు నువ్వెందుకు పెడుతున్నవ్?"

"చాలు, చాలు. చూడండి, నా మేలు కోరి చేసినా చేసింది తప్పే. గడియారం అబద్ధమాడితే పుస్తకం మొత్తం అబద్ధమే. అర్థమైందా?"

"అయ్యింది సార్."

"యుస్రా?"

"అయ్యింది సార్. మరి మీరు రేపట్నుంచి టైంకి ఎట్ల వస్తరు?"

"వస్తాను. కుక్కర్‌కి కొత్త రబ్బరు వేయించాను."

"నేను మధురానగర్‌ల మీ గల్లీ నుంచే వస్త సార్. ఎనిమిదింటికి మీ ఇంటి బెల్లు కొడత. తలుపు తీసేదాక కొడత."

"నిన్ను లేపేదెవరురా?"

"నానమ్మ సార్. సార్ కోసమంటే మరవది. ఆమెకు మీ ఇంటి మేడమ్ బాగ తెలుసు. మేడమ్ ఉన్నప్పుడు గోంగూర పచ్చడి ఇస్తుండె అని ఇప్పటికీ అంటది. ఇప్పుడు మీ డబ్బల రోజు పెరుగన్నమే కద సార్?"

"ఊఁ... చూశావన్నమాట."

"క్లాసంత చూస్తది సార్. ఎవరం అడగం."

"సరే. ఆ కిటికీలు వెయ్యి వివేక్. ఫ్యాను కట్టు. నేను స్వరాజ్యం మేడమ్ ఇచ్చిన ఈ కాగితం నింపేస్తాను."

"నా పేరే రాయిండ్రి సార్. వివేక్ వాళ్ల నాయినకు కోపమెక్కువ."

"వద్దు సార్, నాదే. కబడ్డీల నేను లేకున్నా నడుస్తది. లీడర్ లేకుంటే క్లాస్ నడవది."

"అబ్బో! పొద్దున్నుంచి నన్ను తిట్టినోనివి."

"అది వేరే సంగతి."

"అయిపోయింది. ఇదిగో యుస్రా, పైకి చదువు. తప్పులుంటే చెప్పు."

"'ఏడు-బి గోడ గడియారం వెనక్కి తిప్పినవారు: కె. రఘురామ్, క్లాస్ టీచర్.' సార్!"

"దస్తూరీ బాగుందా?"

"జర ఆగుండ్రి సార్. ఇది కొట్టెయ్యిండ్రి. మీ పేరిస్తే మేడమ్ క్లాస్ తీసేసుకుంటది. అది కావద్దనే కద మేం చేసింది?"

"తీసుకుంటే తీసుకోనీ వివేక్. సోషల్ పీరియడ్ నాదేగా. రోజుకోసారి మీ గోల వినే తీరాలి నేను."

"నియమం రెండు సార్. అబద్ధం రాయొద్దు. మా కోసం సుత రాయొద్దు."

"అబద్ధం రాయలేదమ్మా."

"ఇదేంది మరి?"

"వెనకవైపు కూడా రాశాను, చదువు."

"'సనత్‌నగర్ బస్సు ఎనిమిది ముప్పై నాలుగుకి ముందు రాదు. ఆ బస్సులో వచ్చే పిల్లలకు ఐదు నిమిషాలు వెసులుబాటు ఇవ్వవలసిందిగా మనవి. ఇది నేను మొదటే అడగవలసింది.' మంచిగున్నది సార్. గని ముందరున్నది అబద్ధమే."

"వివేక్, నువ్వు ముల్లు ఎన్ని నిమిషాలు తిప్పావు?"

"ఐదు సార్. కరెక్ట్ ఐదు. యుస్రా కింద నిలవడి లెక్కవెట్టింది."

"మేడమ్ పొద్దున ఎంత తేడా చూశారు?"

"పది... సార్?"

"జూన్ ఇరవై ఏడు. నాకూ పక్కాగా గుర్తుంది. ఆ రోజు నా డబ్బాలో ఒట్టి పెరుగన్నం, నంజుకోవడానికి కూడా ఏమీ లేదు. నేనూ చెప్పులు విప్పే ఎక్కాను."

"సార్... మీరు..."

"ఇంకేం మాట్లాడకండి, ఇళ్లకి నడవండి. తలుపు మెల్లగా వెయ్యి యుస్రా, వజ్రమ్మ వింటుంది."