మద్దిలేటి చెయ్యి ఇడిపించిన మాట

సుంకులమ్మ అని ఒకామె, గొర్లు మేపుకోని బతికేది. ముందరి పై పండ్లు ఊడిపోయినాయి పాపం. ఆమె తమ్ముడు నారప్పది పోలీసుల్లో కుక్కల్ను చూసుకునే పని. ఏమైందంటే, జూలీ అని ఒక కుక్క ముసల్దైపోతే, ఇంక డ్యూటీ చెయ్యలేదని దాన్ని తెచ్చి అక్క దొడ్లో కాపలాకు పెట్టినాడు. అక్కా, ఇది ఎవర్నన్నా పట్టుకుంటే కొట్టినా ఇడ్సదు, లీవ్ అంటేనే ఇడుస్తాది, దానికి ఇంగ్లీషే వచ్చు అన్నాడంట. ఈమె లీవు అనె. అట్ల కాదు, ఆఖర్న ఉ అనద్దు, పై పండ్లు కింది పెదివి మింద ఆనిచ్చి ఆడికి ఆపెయ్యి అనె. నాకు పండ్లు యాడుండాయిరా అని ఈమె నవ్వె, తమ్ముడూ నవ్వె, బస్సెక్కి పాయె.

ఇంక మద్దిలేటి సంగతి చెప్పాల. పక్క చేనాయన. ఎప్పుడో ఈమె గొర్లు ఆయన శెనక్కాయ చేన్లో పడి మేసినాయని మాటామాటా పెరిగి, అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆమె ఎదురొస్తే ఈయన మొగం తిప్పుకోని పోయేది. మన ఊర్లల్లో ఎట్లుంటాదో మీకు చెప్పాల్నా. ఒగరోజు పొద్దు గూకేటప్పుడు ఆమె గొర్రెపిల్ల ఒగటి తప్పిపోయి ఈయన చేన్లో అరుస్తాంటే, దీంతో నాకేం పగ అనుకోని భుజానేసుకున్యాడు. ఆమెను పిల్చడానికి నోరు రాలే. సప్పుడు కాకుండా దొడ్లో దించి పోదామని వచ్చినాడు. సప్పుడు లేకుండా వచ్చినోడు జూలీ లెక్కలో దొంగనే అనుకో. ఒక్క దూకు దూకి ముంజేయి పట్టె.

ఈయన లాగితే అది ఇంకా బిగబట్టె. సుంకులమ్మ పరిగెత్తుకోనొచ్చి చూస్తే తప్పిపోయిన గొర్రెపిల్ల ఆయన కాళ్లకాడ అరుస్తాండాది, చేతికి నెత్తురు కారతాండాది. లీవు జూలీ లీవు అనె, ఇడ్సలే. లీఉ అనె, లీఫు అనె, గాలి పోతాది గాని మాట తెగదు, పండ్లుంటే కదా తెగేది. మద్దిలేటి కూడా నొప్పికి లీవూ లీవూ అని సాగదీసె. సెలవిస్తామంటే కుక్క యాడికి పోతాది చెప్పు. అంతలో ఆమెకు తట్టింది, నాకు లేకుంటేనేమి, ఆయనకు ఉండాయి కదా పండ్లు అని. మాటల్లేని సంగతే మర్సిపాయె. ఆయన ముందర కూకోని, మొగంలోకి చూసి,

"మద్దిలేటీ, చెయ్యి లాగద్దు నాయనా. పై పండ్లు కింది పెదివి మింద పెట్టు. ఆఁ, అట్ల. ఇప్పుడు లీ అని, నోరు తెరవకుండా ఆడికే ఆపెయ్యి" అనె.

"లీవు."

"ఉ వద్దు. పెదివి ఇడ్సద్దు."

ఆయన కండ్లు మూసుకోని, పెదివి కొరికిపట్టి, "లీవ్" అన్నాడంట. అంతే. జూలీ చెయ్యి ఇడ్సి, ఏం ఎరగనట్టు పక్కకు పోయి పండుకున్యాది. సుంకులమ్మ గబగబా ఆ చెయ్యి పట్టుకోని చూసె. గాయం లోతుకు పోలేదు, దేవుడు మేలు చేసినాడు. సబ్బుతో బాగా కడిగి, గుడ్డ కట్టి, సూదేపిస్తా పా అని ఆటో పిలిచి తానే తోడు పాయె. దోవంతా ఆమె కొంగుతో కండ్లు తుడ్సుకుంటాంటే, "అంత నొప్పేం లేదులే వదినా" అన్నాడు ఆయన. ఎన్నేండ్లకో ఆ వదినా అనే మాట. ఇంక ఆమెకు ఏడుపు ఆగలే, నవ్వూ ఆగలే.

జూలీ ఇంకా ఉండాది, చూడాలంటే పోయి చూడండి. ఆ దొడ్డికి పోయేవాళ్లు గేటుకాడ పెదివి కొరికి ఒకసారి లీవ్ అనుకోని మరీ లోపలికి పోతారు. నేను మాత్రం బయటనే నిలబడి కేకేస్తా. అంత ఇంగ్లీషు నాతో యాడైతాది.